ప్రీలింక్ మిగిల్చిన సెకన్లు, వాటికి కట్టిన ఖరీదు

2009లో శ్రీకాకుళంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూసుకునేవాణ్ని. నలభై కంప్యూటర్లు. అన్నీ పెంటియమ్ 4, ఒక్కోదానికి 512 ఎంబీ ర్యామ్. ఒక మెషీన్‌లో సెంటాస్ 5 (రెడ్ హ్యాట్ లైనక్స్‌కి ఉచిత రూపం) ఇన్‌స్టాల్ చేసి, గంట తిరక్కుండానే ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి నకలు తీసి, మిగతా ముప్పై తొమ్మిదింటికీ అదే ఎక్కించాం. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి అటెండరు వరసగా అన్నీ ఆన్ చేసుకుంటూ వెళ్లాడు. పది దాటి ఐదు నిమిషాలు అయిందో లేదో, నలభై హార్డ్ డిస్కులూ ఒక్కసారి గరగరమన్నాయి. పిల్లలు సీ ప్రోగ్రామ్ కంపైల్ కొడితే కర్సర్ కదల్లేదు. కరెంటు లోవోల్టేజీ అన్నారొకరు, వైరస్ అన్నారొకరు. ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపే టాప్ కమాండ్ కొట్టి చూస్తే పైన కనబడిన పేరు ప్రీలింక్. ఆ పేరు అంతకుముందు నేను విన్నది కాదు.

అసలు టెన్షన్ వారం తర్వాత వచ్చింది. ఎవరో కుర్రాడు ఒక మెషీన్‌లో రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ సంపాదించాడని పుకారు. ప్రోగ్రాములేమైనా మార్చేశాడేమో చూద్దామని, అనుమానం ఉన్న మెషీన్‌లోనూ పక్క మెషీన్‌లోనూ ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ ఫైలుకి ఎండీ5 చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఒక్క బిట్ మారినా మారిపోతుంది) తీశాను. రెండూ వేరు. మూడో మెషీన్‌లో ఇంకోటి. నాలుగో దాంట్లో మరోటి. ఒకే ఇమేజ్ నుంచి పుట్టిన నలభై మెషీన్లలో ఒకే ఫైలు నలభై రకాలుగా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అది కుర్రాడి పని కాదు. ప్రీలింక్ పని. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకునేలా వాటి ఫైళ్లను ముందే సవరించి పెట్టే లైనక్స్ పనిముట్టు అది. ఈ విషయం ఇప్పుడెందుకంటే, ఇప్పటికీ ఇంజనీరింగ్ పిల్లలు పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుని, ఎప్పుడో రాసిన చిట్కాలు చదివి, "సార్, ప్రీలింక్ పెడితే స్పీడు పెరుగుతుందట కదా" అని అడుగుతూనే ఉన్నారు. వద్దు అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. కానీ ఆ వద్దు వెనక కంప్యూటర్ గురించి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ పనిముట్టు రాసినవాళ్లు తెలివైనవాళ్లు, వాళ్ల కాలానికి అది సరైన జవాబు కూడా. అందుకని మొదటినుంచీ చెబుతాను.

ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఏం జరుగుతుంది

మాది పాలకొండ వైపు. చిన్నప్పుడు అమ్మతో సీతంపేట సంతకి వెళ్లేవాణ్ని. అప్పట్లో ఆ ఊరు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కొండ మీదనుంచి చింతపండు, పసుపు, చీపుళ్లు, అనాసపళ్లు దిగేవి. ఎవరికీ కట్టుదిట్టమైన చోటు లేదు. ఎవరు ముందొస్తే వాళ్లు నీడ చూసుకుని కూర్చునేవారు. అందుకని వారం వారం అమ్మ అడుగుతూనే నడిచేది: చింతపండు ఎటు, పసుపు ఎటు?

లైనక్స్‌లో ప్రోగ్రామ్ మొదలవడం కూడా ఇలాంటిదే. తెరమీద అక్షరం వేయడం, ఫైలు తెరవడం, విండో గీయడం లాంటి పనులు ప్రతి ప్రోగ్రామూ తనలో రాసుకోదు. అవి లైబ్రరీలనే వేరే ఫైళ్లలో ఉంటాయి. ప్రోగ్రామ్ ఫైలులో "నాకు ఫలానా లైబ్రరీలు కావాలి, వాటిలో ఫలానా ఫంక్షన్లు కావాలి" అని పేర్లు మాత్రం ఉంటాయి. మనం ప్రోగ్రామ్ మీద నొక్కగానే లైనక్స్ మూలభాగమైన కెర్నల్ దాన్ని మెమరీలోకి తెచ్చి, డైనమిక్ లింకర్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగిస్తుంది. అది లైబ్రరీలన్నీ వెతికి మెమరీలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడుతుంది. ఆ తర్వాత ఒక్కో పేరు తీసుకుని, ఈ పేరుగల ఫంక్షన్ ఏ లైబ్రరీలో ఉంది, ఆ లైబ్రరీ ఇవాళ ఏ అడ్రస్‌లో కూర్చుంది అని చూసి, ఆ అడ్రస్‌ను ప్రోగ్రామ్‌లో ఉన్న ఖాళీ గడిలో రాస్తుంది. ఇలా గడి నింపడాన్నే రీలొకేషన్ అంటారు.

అసలు లైబ్రరీలు వేరుగా ఎందుకు అని అనిపించవచ్చు. అన్నీ ప్రోగ్రామ్‌లోనే కలిపేసే పద్ధతీ ఉంది, స్టాటిక్ లింకింగ్ అంటారు. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దులోంచి తొలిచినట్టు, అతుకుల్లేకుండా వస్తుంది. కాకపోతే సీ లైబ్రరీలో ఒక లోపం బయటపడితే దాన్ని కలుపుకున్న ప్రతి ప్రోగ్రామునూ మళ్లీ తయారుచేయాలి. వేరుగా ఉంటే ఒక్క ఫైలు మారిస్తే చాలు. పైగా ఒకే లైబ్రరీని వంద ప్రోగ్రాములు వాడుతుంటే మెమరీలో దాని కోడ్ ఒక్క కాపీయే ఉంటుంది. అందుకే మామూలు వాడుకలో డైనమిక్ లింకింగే నిలబడింది.

ఎల్ఎస్ లాంటి చిన్న కమాండ్‌కి నింపాల్సిన గడులు కొద్దిగానే ఉంటాయి. కంటికి తెలిసే ఆలస్యం కాదు. ఇబ్బంది పెద్ద డెస్క్‌టాప్ ప్రోగ్రాములతో వచ్చింది. కేడీఈ డెస్క్‌టాప్, ఓపెన్ ఆఫీస్ లాంటివి సీ ప్లస్ ప్లస్‌లో రాసినవి. సీ ప్లస్ ప్లస్‌లో వర్చువల్ ఫంక్షన్లున్న ప్రతి క్లాస్‌కీ వాటి పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికనిండా అడ్రస్‌లే. క్లాసులు వేలల్లో, ఒక్కో పట్టికలో గడులు పదుల్లో. పేర్లు చూస్తే మూరెడు పొడుగు, మొదటి సగం అన్నింటికీ ఒకేలా ఉంటుంది, కాబట్టి ఒక పేరు కాదని తేల్చుకోవడానికే చాలా అక్షరాలు పోల్చాలి. లైబ్రరీలు ముప్పై నలభై ఉంటే, ఒక్కో పేరుకి వరసగా వాటన్నింటినీ అడుగుతూ వెళ్లాలి. చింతపండు కోసం సంతంతా తిరిగినట్టు.

ఫంక్షన్ కాల్స్‌కి ఒక వెసులుబాటు ఉంది. ఫంక్షన్‌ను నిజంగా మొదటిసారి పిలిచినప్పుడే దాని అడ్రస్ వెతికితే చాలు, దీన్ని లేజీ బైండింగ్ అంటారు. కానీ వర్చువల్ పట్టికలకి ఆ సౌకర్యం లేదు. అవి డేటా. ప్రోగ్రామ్ మొదటి లైను నడవకముందే నిండి ఉండాలి. కేడీఈ వాళ్లు దీనికి తమదైన ఉపాయం ఒకటి పన్నారు. కేడీఈ ఇనిట్ అనే ప్రాసెస్ (నడుస్తూ ఉన్న ప్రోగ్రామ్) పొద్దున్నే లైబ్రరీలన్నీ లింక్ చేసుకుని సిద్ధంగా కూర్చునేది. ఏ ప్రోగ్రామ్ కావాలన్నా తననే ఫోర్క్ చేసి, అంటే తన నకలు తీసి, పిల్ల ప్రాసెస్‌ను పుట్టించేది. ఒకసారి చేసిన లింకింగ్ అందరికీ సరిపోయేది. ఈ ఉపాయం సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ప్రీలింక్ చేసిన పని

లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్‌లో పనిచేసే యాకుబ్ యెలీనెక్ ఇంకో దారి పట్టాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఈ మెషీన్‌లో ఉన్న ప్రోగ్రాములు, లైబ్రరీలు రోజూ మారవు. నిన్న వెతికిన జవాబే ఇవాళా వస్తుంది. మరి రోజుకి వందసార్లు వెతకడమెందుకు? ఒకసారి వెతికి, జవాబును ఫైలులోనే రాసి ఉంచితే పోలేదా?

సంతలో ఒక పెద్దమనిషి ముందురోజే వచ్చి, చింతపండుకి ఈ చోటు, పసుపుకి ఈ చోటు అని పుల్లలు పాతి, కొనేవాళ్లందరికీ చీటీలు పంచాడనుకోండి. మర్నాడు ఎవరూ ఎవర్నీ అడగరు. చీటీ చూసుకుని నేరుగా వెళ్లిపోతారు.

ప్రీలింక్ సిస్టమ్‌లోని ప్రోగ్రాములన్నీ చూసి, ఏది ఏ లైబ్రరీలు వాడుతుందో పట్టిక వేస్తుంది. ప్రతి లైబ్రరీకీ మెమరీలో ఎవరితోనూ ఒరుసుకోని ఒక చోటు కేటాయిస్తుంది. ఆ చోటునుబట్టి గడులన్నీ ముందే నింపి, డిస్కు మీద ఉన్న ఫైలునే తిరగరాస్తుంది. ఒకే పేరుతో రెండు లైబ్రరీల్లో ఫంక్షన్ ఉండి, ఫలానా ప్రోగ్రామ్‌లో మాత్రం జవాబు మారే సందర్భాలుంటాయి. ఆ తేడాలను కాన్‌ఫ్లిక్ట్‌ల జాబితాగా ఆ ప్రోగ్రామ్ ఫైలులోనే రాస్తుంది. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు డైనమిక్ లింకర్ లైబ్రరీలు అప్పటివేనా, అనుకున్న చోటే కూర్చున్నాయా అని రెండు ముక్కలు సరిచూసుకుని, ఆ చిన్న జాబితా మాత్రం అమలుచేసి, దారి వదిలేస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది దీని జాగ్రత్త. లైబ్రరీ అప్‌డేట్ అయిపోయి చీటీ పాతబడిందనుకోండి, ప్రోగ్రామ్ పడిపోదు. లింకర్ ఆ చీటీ పక్కన పడేసి, మామూలు పద్ధతిలో అన్నీ వెతుక్కుంటుంది. స్పీడు తగ్గుతుంది, తప్పు మాత్రం జరగదు. వెనక్కి వెళ్లడానికి కావాల్సిన సమాచారం కూడా ఫైలులోనే ఒక విభాగంలో దాచి ఉంచుతుంది. అన్‌డూ చేస్తే ఫైలు మొదట ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే తిరిగొస్తుంది. 2004లో ఆయన రాసిన పత్రం చదివితే, ఎక్కడెక్కడ జారిపోవచ్చో అన్నీ ముందే ఆలోచించిన మనిషి కనబడతాడు.

మిగిలిందెంత, ఎవరికి

ఆదా రెండు రకాలు. మొదటిది అందరికీ తెలిసిందే, స్టార్టయ్యే టైము. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు తెరిచేటప్పుడు ఆ కాలపు ప్రాసెసర్ల మీద ఈ తేడా కంటికి తెలిసేది.

రెండోది మెమరీ. ఎవరూ పెద్దగా మాట్లాడరుగానీ, 512 ఎంబీ మెషీన్లలో నా లెక్కకి ఇదే ముఖ్యం. లైబ్రరీ కోడ్ అందరికీ ఒక్క కాపీ అన్నాను కదా. గడులుండే డేటా పేజీలకి ఆ మాట పూర్తిగా వర్తించదు. డైనమిక్ లింకర్ ఒక గడిలో అడ్రస్ రాసిన క్షణంలోనే ఆ 4 కేబీ పేజీ మొత్తానికీ ఆ ప్రాసెస్ కోసం సొంత కాపీ తయారవుతుంది. ఇరవై ప్రోగ్రాములు నడుస్తుంటే ఇరవై కాపీలు. గడులు ముందే నిండి ఉంటే రాయాల్సిన పని లేదు, పేజీ అందరి ఉమ్మడి సొత్తుగానే ఉండిపోతుంది. ర్యామ్ చాలక స్వాప్‌లోకి (డిస్కునే మెమరీగా వాడుకోవడంలోకి) జారే మెషీన్‌కి ఇది చిన్న విషయం కాదు.

ఇక లాభం లేనిచోట్లు. వెబ్ సర్వర్, డేటాబేస్ లాంటివి ఒకసారి మొదలై నెలలకొద్దీ నడుస్తాయి. మొదట్లో అర సెకను మిగిలితే ఎంత, మిగలకపోతే ఎంత? నడుస్తూ నడుస్తూ మధ్యలో ప్లగిన్లను తెచ్చుకునే ప్రోగ్రాములకి ఆ ప్లగిన్ల వరకు పేర్లు మామూలుగానే వెతకాలి, ఎందుకంటే అవి ఎప్పుడు, ఎవరి పక్కన వచ్చి కూర్చుంటాయో ముందు చెప్పలేం. చిన్న కమాండ్లకి మొదట్నుంచీ పెద్ద ఖర్చు లేదు.

మా ల్యాబ్ సంగతి చూడండి. రోజంతా నడిచేవి జీసీసీ అనే కంపైలర్, వీఐ అనే ఎడిటర్, మనం కొట్టే కమాండ్లు తీసుకునే బ్యాష్ షెల్. మూడూ కొద్దిపాటి లైబ్రరీలతో సరిపెట్టుకునేవే. కేడీఈ మేం వేయనేలేదు. అంటే ప్రీలింక్ వల్ల నిజంగా బాగుపడే ప్రోగ్రాములు మా దగ్గర లేవు, దాని బరువు మాత్రం నలభై డిస్కులూ మోశాయి.

ఆ బరువు పది దాటాక ఐదు నిమిషాలకే ఎందుకు పడిందో తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో రెడ్ హ్యాట్ కుటుంబంలో ప్రీలింక్ డిఫాల్ట్‌గా వచ్చేది, టైము ప్రకారం పనులు నడిపే క్రాన్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగించిన రోజువారీ పనుల్లో ఒకటి. క్రాన్ దాన్ని తెల్లవారుజామున నాలుగింటికి నడుపుతుంది. సర్వర్లకి అది మంచి టైము. మా మెషీన్లు అప్పుడు ఆరిపోయి ఉంటాయి. అలా తప్పిపోయిన పనులను అనాక్రాన్ పట్టుకుంటుంది. సెంటాస్ 5లో రోజువారీ పనులకి దాని గడువు మెషీన్ ఆన్ అయ్యాక 65 నిమిషాలు. తొమ్మిదికి ఆన్, పది దాటి ఐదుకి గరగర. అన్నీ ఒకే ఇమేజ్, అన్నీ ఒకే టైముకి ఆన్, కాబట్టి అన్నీ ఒకేసారి. ఆ తర్వాత రోజుల్లో క్విక్ మోడ్‌లో పైపైన చూసి వదిలేసేది, 14 రోజులకోసారి మాత్రం నిదానంగా అన్నీ చూసేది. మధ్యలో కరెంటు పోయి పని సగంలో ఆగితే, వచ్చాక మళ్లీ మొదటికే. ఎండాకాలంలో ఈ బాధ ఎలా ఉండేదో మా జిల్లావాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫైలు మీద నమ్మకం

డిస్కు గరగర నిజానికి చిన్న ఖర్చు. పెద్ద ఖర్చు, నాకు నిద్ర లేకుండా చేసినది, ఫైలు మారిపోవడం.

ప్రీలింక్ లైబ్రరీలకి చోట్లు కేటాయించేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో యాదృచ్ఛికంగా ఎంచుకునే ఆప్షన్ ఒకటి ఉంది. డిఫాల్ట్‌గా అది ఆన్‌లోనే ఉండేది. దానికి మంచి కారణముంది, కాసేపట్లో వస్తాను. మేం ఇమేజ్ తీసేసరికి ప్రీలింక్ ఇంకా నడవలేదు. తర్వాత ఒక్కో మెషీనూ తన చోట్లు తాను ఎంచుకుంది. ఎల్ఎస్ ఫైలులో నలభై రకాల అడ్రస్‌లు పడ్డాయి. నలభై చెక్‌సమ్‌లు వచ్చాయి.

ఒక ప్రోగ్రామ్ ఫైలును తయారీదారు సంతకం చేసి పంపాడంటే, ఆ ఫైలులో ఒక్క బిట్ మారినా పట్టుకోవచ్చన్న ధీమా మనకు ఉంటుంది. చొరబాటు జరిగిందేమోనని అనుమానం వచ్చినప్పుడు చేతిలో ఉండే మొదటి ఆయుధం అదే. ప్రీలింక్ ఆ ఆయుధాన్ని మొద్దుబారుస్తుంది. ఫైలు మారడం మామూలు విషయం అయిపోతే, ఏ మార్పు మంచిదో ఏది చెడ్డదో మామూలు చెక్‌సమ్ చెప్పలేదు.

దీనికీ ప్రీలింక్ రాసినవాళ్లు జవాబు పెట్టారు. వెరిఫై ఆప్షన్‌తో అడిగితే ఫైలును లోలోపల అన్‌డూ చేసి, మళ్లీ ప్రీలింక్ చేసి, డిస్కు మీద ఉన్నదానితో సరిపోతేనే అసలు ఫైలు చెక్‌సమ్ ఇస్తుంది. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఆర్‌పీఎమ్‌కి ఈ సంగతి తెలుసు, కాబట్టి దాని సొంత వెరిఫై సరిగ్గానే పనిచేసేది. ఆ రాత్రి తెల్లారాక నన్ను కాపాడింది అదే. ఆర్‌పీఎమ్ అన్ని ఫైళ్లూ సరిగ్గా ఉన్నాయంది. కానీ ఇక్కడ మెలిక చూడండి. ఫైలు నమ్మకమైనదో కాదో తేల్చడానికి ఇప్పుడు అదే మెషీన్‌లో ఉన్న ప్రీలింక్ అనే ప్రోగ్రామ్‌ను నమ్మాలి. చొరబడినవాడు రూట్ అయితే దాన్నే మార్చగలడు కదా. ఇదివరకు వేరే మెషీన్‌కి డిస్కు తగిలించి చెక్‌సమ్ తీస్తే సరిపోయే పని, ఇప్పుడు అదనంగా ఒక పనిముట్టు సాక్ష్యం మీద ఆధారపడింది.

ఐడ్ లాంటి నిఘా ప్రోగ్రాములు, ఫైళ్లు మారితే కేకలు వేయడమే పనిగా ఉన్నవి, ప్రీలింక్ నడిచిన మర్నాడు వందల హెచ్చరికలు ఇచ్చేవి. వందల హెచ్చరికలు చూడటం అలవాటైన మనిషి నూట ఒకటోది చదవడు. అమెరికా ప్రభుత్వపు క్రిప్టో ప్రమాణం ఎఫ్ఐపీఎస్ 140 కింద నడిపే సిస్టముల్లో క్రిప్టో లైబ్రరీ మొదలవగానే తన ఫైలును తానే సరిచూసుకోవాలి. ప్రీలింక్ తాకిన ఫైలు ఆ పరీక్షలో తప్పుతుంది. అందుకే ఎఫ్ఐపీఎస్ మోడ్ పెట్టేముందు ప్రీలింక్ తీసేయమని రెడ్ హ్యాట్ తన డాక్యుమెంట్లలోనే చెప్పింది. మార్పులే కాపీ చేసే బ్యాకప్‌లకి కూడా ఇదే తంటా. కొత్తగా ఏమీ వేయకపోయినా ప్రోగ్రామ్ ఫైళ్లన్నీ మారినట్టు కనబడి, మళ్లీ కాపీ అవుతాయి. నడుస్తున్న ప్రాసెస్‌లు పాత ఫైలునే పట్టుకుని ఉండటంవల్ల అవి డిలీట్ అయిన ఫైళ్లు వాడుతున్నట్టు చూపిస్తాయి. ఏ సర్వీసును రీస్టార్ట్ చేయాలో తేల్చుకునేవాడికి అది తప్పుడు దారి.

దొంగకీ చీటీ దొరికితే

ఇప్పుడు ఆ యాదృచ్ఛిక ఎంపిక సంగతి. సంతలో చోట్లు ఖాయం చేసి చీటీలు పంచితే కొనేవాళ్లకి సుఖం. జేబుదొంగకీ సుఖమే. డబ్బుపెట్టె ఎక్కడ ఉంటుందో వాడికీ ముందే తెలుసు.

ప్రోగ్రామ్‌లో ఉన్న లోపాన్ని వాడుకుని లోపలికి దూరేవాడికి ఒక అడ్రస్ కావాలి. సీ లైబ్రరీలో షెల్‌ను నడిపే ఫంక్షన్ ఎక్కడుందో తెలిస్తే, ప్రోగ్రామ్‌ను మోసగించి అక్కడికి దూకిస్తాడు. దీనికి విరుగుడుగా వచ్చింది ఏఎస్ఎల్ఆర్. ప్రాసెస్ మొదలైన ప్రతిసారీ లైబ్రరీలను కొత్త చోట్లో పెట్టడం. 2001లో ప్యాక్స్ అనే ప్యాచ్‌తో మొదలై, 2005లో 2.6.12 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లోకి దీని తొలి రూపం వచ్చింది.

ప్రీలింక్ కోరేది చోటు మారకూడదని. ఏఎస్ఎల్ఆర్ కోరేది చోటు ప్రతిసారీ మారాలని. రెండూ ఒక ఒరలో ఇమిడేవి కావు. ప్రీలింక్ చేసిన రాజీ ఏమిటంటే, ప్రతిసారీ కాకపోయినా ప్రతి మెషీన్‌కీ వేరుగా చోట్లు ఎంచుకోవడం. దూరంనుంచి గుడ్డిగా దాడిచేసేవాడికి ఇది కొంత అడ్డే. కానీ ఒక ప్రాసెస్ నుంచి ఒక అడ్రస్ లీకైతే అదే అడ్రస్ ఆ మెషీన్‌లోని మిగతా ప్రాసెస్‌లకీ, రేపటికీ ఎల్లుండికీ కూడా పనికొస్తుంది. ఇక ఆ మెషీన్‌లో లాగిన్ ఉన్న ఎవరికైనా లీకు కూడా అక్కర్లేదు. లైబ్రరీ ఫైలును అందరూ చదవొచ్చు, అడ్రస్ అందులోనే రాసి ఉంది. అరవై మంది పిల్లలకి లాగిన్ ఇచ్చే కాలేజీ మెషీన్‌కి ఇది కాగితం మీది భయం కాదు. ప్రీలింక్ నడిచిన తర్వాత ఇమేజ్ తీసి ఉంటే ఇంకా దారుణం, నలభై మెషీన్లకీ ఒకే అడ్రస్‌లు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. 32 బిట్ రోజుల్లో ప్రీలింక్ ఎంచుకున్న రాజీ అంత తప్పు కాదనే నా అభిప్రాయం. 32 బిట్ ఎక్స్86 మీద లైనక్స్ లైబ్రరీల చోటుని మార్చేది 8 బిట్ల మేరకు. అంటే 256 చోట్లు. పడిపోగానే మళ్లీ లేచే సర్వీసు ఏదైనా ఉంటే, 256 ప్రయత్నాలు ఎవడికీ పెద్ద పని కాదు. అంత పలచని తెరను వదులుకుని సెకన్లు మిగుల్చుకుంటే పోయేది కొద్దే. 64 బిట్‌లో లెక్క తిరగబడింది. అక్కడ డిఫాల్ట్ 28 బిట్లు, 26 కోట్లకి పైగా చోట్లు. గుడ్డిగా వెతకడం అయ్యే పని కాదు. అక్కడ ప్రీలింక్ పెట్టడమంటే నిజంగా గట్టిగా ఉన్న తలుపును తీసి పక్కన పెట్టడం. పనిముట్టు అదే, చుట్టూ ఉన్న మెషీన్ మారడంతో దాని ఖరీదు మారిపోయింది.

ఎలా కనుమరుగైంది

ఎవరో ఒకరోజు నిషేధిస్తే పోలేదు. నాలుగు వైపులనుంచీ దాని కింద నేల కొద్దికొద్దిగా జారింది.

వెతకడమే చవక అయింది. 2006లో సింబల్ పేర్లు వెతకడానికి కొత్త హ్యాష్ పట్టిక వచ్చింది. ఈ పేరు ఈ లైబ్రరీలో లేదు అని అక్షరాలు పోల్చకుండానే చాలాసార్లు తేల్చేస్తుంది. దాన్ని తెచ్చినవాళ్లలో యెలీనెక్ కూడా ఉన్నాడు. ప్రీలింక్ అవసరాన్ని తగ్గించిన మార్పులో ప్రీలింక్ రాసిన మనిషి చేయే ఉండటం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. 2005లో వచ్చిన జీసీసీ 4.0తో, లైబ్రరీ రాసేవాళ్లు బయటికి అక్కర్లేని పేర్లను దాచేసే వీలు కలిగింది. వెతకాల్సిన పేర్లే తగ్గాయి. డిస్కులు ఎస్ఎస్‌డీలయ్యాయి, ర్యామ్ పెరిగింది.

అసలు దెబ్బ పీఐఈ నుంచి. పీఐఈగా తయారైన ప్రోగ్రామ్ తానే మెమరీలో ఎక్కడైనా కూర్చోగలదు. ప్రీలింక్ రాసిపెట్టిన చోట్లను అది మామూలుగా పట్టించుకోదు. 32 బిట్‌లో పీఐఈకి ప్రాసెసర్ రిజిస్టర్ ఒకటి బలి ఇవ్వాల్సివచ్చేది కాబట్టి అందరూ వెనకాడారు. 64 బిట్‌లో ఆ ఖర్చు దాదాపు లేదు. ఫెడోరా 2015లో, ఉబుంటు 2016లో, డెబియన్ 2017లో పీఐఈని డిఫాల్ట్ చేశాయి. ఆ తర్వాత ప్రీలింక్ నడిపినా ఫైళ్లు మారడమేగానీ ఒరిగేది ఏమీ లేదు.

చివరికి 2022 ఫిబ్రవరిలో జీలిబ్‌సీ (లైనక్స్ సీ లైబ్రరీ, డైనమిక్ లింకర్ అందులోదే) 2.35 విడుదల చేస్తూ ప్రీలింక్ మద్దతు తర్వాతి వెర్షన్‌లో తీసేస్తామని చెప్పారు, ఆగస్టులో 2.36లో తీసేశారు. అదే 2.36లో రీలొకేషన్ల పట్టికను బాగా కుదించి రాసే రెల్ర్ అనే కొత్త పద్ధతికి చోటిచ్చారు. అదే సమస్యకి చిన్న జవాబు, ఫైలును తాకకుండా.

కేడీఈ ఇనిట్ ఉపాయం మాత్రం బతికే ఉంది. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో జైగోట్ అనే ప్రాసెస్ ముందే అన్నీ లింక్ చేసుకుని కూర్చుని, ప్రతి యాప్‌నీ ఫోర్క్ చేసి పుట్టిస్తుంది. ఆదా ఒకటే, ఖరీదూ ఒకటే: యాప్‌లన్నీ ఒకే అడ్రస్‌ల అమరికతో పుడతాయి. కాకపోతే ఫోన్ రీస్టార్ట్ చేసినప్పుడు ఆ అమరిక మారుతుంది, డిస్కు మీద ఫైలు చెక్కుచెదరదు. ప్రీలింక్‌తో పోలిస్తే ఇది మెరుగైన బేరం.

పాత ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలకి

ఇవాళ్టి డిస్ట్రిబ్యూషన్లలో ప్రీలింక్ పెట్టినా పనిచేయదు. కాబట్టి పెట్టాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. దానిబదులు మీ మెషీన్‌లో టైము ఎక్కడ పోతోందో ముందు కొలవండి. ఎల్‌డీ డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి స్టాటిస్టిక్స్ అనే విలువ ఇచ్చి ఏ ప్రోగ్రామ్ నడిపినా, డైనమిక్ లింకర్ ఎంత టైము తీసుకుంది, అందులో రీలొకేషన్లకి ఎంత పోయింది, ఎన్ని గడులు నింపింది అన్నీ చెబుతుంది. వేరియబుల్ పేరు పెద్ద అక్షరాల్లో, మధ్య అండర్‌స్కోర్‌తో (LD_DEBUG), విలువ చిన్న అక్షరాల్లో (statistics) ఇవ్వాలి. చాలావరకు ఆ టైము మొత్తంలో చిన్న ముక్కగా కనబడుతుంది. మిగతాది డిస్కు మీద ఎదురుచూపు, లేదా ర్యామ్ చాలక స్వాప్. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ముందు ఇంక ఏ చిట్కా నిలబడదు.

పాత ఆఫీసుల్లో, కాలేజీల్లో సెంటాస్ 5, 6 ఇంకా నడుస్తూ కనబడితే, అందులో ప్రీలింక్ ఉందేమో చూసి తీసేయండి. నేరుగా ప్యాకేజీ పీకేయొద్దు. అలా చేస్తే మారిన ఫైళ్లు మారినట్టే ఉండిపోతాయి, వెనక్కి తిప్పే పనిముట్టు పోతుంది. ముందు అన్‌డూ, తర్వాతే తీసివేత.

మేం చేసిందీ అదే. ప్రీలింక్ సెట్టింగులుండే సిస్‌కాన్ఫిగ్ ఫైలులో ప్రీలింకింగ్ ఎదురుగా ఉన్న యెస్ తీసి నో పెట్టాను. అలా మారిస్తే తర్వాతిసారి క్రాన్ నడిచినప్పుడు అన్ని ఫైళ్లనూ తానే అన్‌డూ చేస్తుంది. మర్నాడు పది దాటి ఐదుకి నలభై డిస్కులూ ఆఖరిసారి గరగరమన్నాయి. ల్యాబ్ అయిపోయి పిల్లలు వెళ్లాక ఒక్కో మెషీన్ ముందూ కూర్చుని ఎల్ఎస్‌కి ఎండీ5 తీసి, నోటుబుక్కులో కింద కింద రాసుకుంటూ వెళ్లాను. మొదటి మెషీన్ నుంచి నలభయ్యోదాకా ఒకే వరస.